నోటి పూత రెండు వారాలు దాటిందా? ఇంకో జెల్ వద్దు.. నోరు తెరిచి డాక్టర్‌కి చూపించండి!

నోట్లో చిన్న పుండు. నొప్పి పెద్దగా ఉండదు. 'వేడి చేసిందిలే' అని మజ్జిగ తాగుతారు, సబ్జా నీళ్లు తాగుతారు. తగ్గకపోతే మెడికల్ షాపులో బి-కాంప్లెక్స్ బిళ్లలు, ఒక జెల్ ట్యూబు కొంటారు. అదీ అయిపోతే ఇంకో కంపెనీ జెల్. ఇలా నెలలు గడిచిపోతాయి. నోటి క్యాన్సర్‌ను తొలి దశలో పట్టుకునే అవకాశం చాలాసార్లు చేజారేది సరిగ్గా ఈ రెండు ట్యూబుల మధ్యే.

కడుపులోనో, ఊపిరితిత్తుల్లోనో వచ్చే క్యాన్సర్‌ను చూడాలంటే స్కానింగ్ కావాలి. నోటి క్యాన్సర్‌కు మొదటి చూపులో అదేమీ అక్కర్లేదు. మంచి వెలుతురు, చేతికి గ్లౌజులు, రెండు నిమిషాల సమయం చాలు. అందుకే ఊరికి వచ్చే డాక్టర్, పన్ను నొప్పికి వెళ్లే డెంటిస్ట్.. ఈ ఇద్దరే ఈ జబ్బును ముందుగా పట్టుకోగలిగినవాళ్లు. వాళ్లు ఏం చూడాలి? మనం ఏం అడగాలి? పరిటాల లాంటి ఊరి నుంచి ఎక్కడికి వెళ్లాలి? వివరంగా చూద్దాం.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధంగా పనిచేసే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022 అంచనాల ప్రకారం, మన దేశంలో ఆ ఒక్క ఏడాదే కొత్తగా దాదాపు 1.43 లక్షల మందికి పెదవి, నోటి క్యాన్సర్ వచ్చింది. దాదాపు 80 వేల మంది చనిపోయారు. భారతీయ పురుషుల్లో ఎక్కువగా కనిపించే క్యాన్సర్ ఇదే.

కారణం కొత్తదేమీ కాదు. 2016-17లో జరిగిన జాతీయ సర్వేలో దేశంలోని పెద్దవాళ్లలో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్టు తేలింది. 21.4 శాతం మంది ఖైనీ, గుట్కా, జర్దా కిళ్లీ లాంటివి నోట్లో పెట్టుకునేవాళ్లే. దీనికి మందు తోడైతే ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

'మేం పొగాకు వేసుకోం, వట్టి వక్కపొడే' అనేవాళ్లూ ఉన్నారు. కానీ వక్క కూడా క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రచురించిన నివేదికలోనే స్పష్టంగా చెప్పింది. ఆహార పదార్థాల్లో పొగాకు, నికోటిన్ కలపకూడదని 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. దాంతో ఒకే ప్యాకెట్‌లో రావాల్సినవి రెండు ప్యాకెట్లయ్యాయి. ఒకదాంట్లో పాన్ మసాలా, ఇంకోదాంట్లో పొగాకు. కొన్నవాళ్లు అరచేతిలో కలుపుకుంటున్నారు. నోటికి చేరేది మాత్రం అదే సరుకు.

పుండుకు రెండు వారాలే గడువు ఎందుకు?

నోటి లోపలి పొర చాలా వేగంగా కొత్తదవుతుంది. అందుకే బుగ్గ కొరుక్కున్నా, వేడి టీ తగిలి కాలినా, మామూలు నోటి పూత వచ్చినా సాధారణంగా వారం నుంచి రెండు వారాల్లో మానిపోతాయి. కారణం తీసేసినా రెండు వారాలు దాటి పుండు అలాగే ఉందంటే, అది మామూలు పూత కాకపోవచ్చు. క్యాన్సరే అని కాదు. కానీ చూడకుండా వదిలేయకూడదు.

గ్రామాల్లో ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి నింపే ఆరోగ్య ఫారంలోనూ ఇదే ప్రశ్న ఉంటుంది. నోట్లో రెండు వారాలైనా మానని పుండు ఉందా? తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ ఉందా? నోరు తెరవడం కష్టంగా ఉందా? గొంతు మారిందా? చాలామంది 'ఏం లేదమ్మా' అని గబగబా చెప్పి పంపించేస్తారు. ఆ నాలుగు ప్రశ్నలకూ ఆగి, అద్దంలో చూసుకుని జవాబు చెప్పడం మంచిది.

ఇక్కడ జనం పొరపడే విషయం ఇంకొకటి ఉంది. నోటి క్యాన్సర్ తొలి దశలో నొప్పి ఉండకపోవచ్చు. 'నొప్పి లేదు కదా' అనేది ధైర్యం చెప్పుకునే మాట కాదు. మామూలు పూత మంట పెడుతుంది, మానుతుంది. నొప్పి లేకుండా, అంచులు గట్టిపడి, అలాగే ఉండిపోయే పుండే ఎక్కువ అనుమానించాల్సింది.

ఆలస్యం ఎక్కడెక్కడ జరుగుతుంది?

మొదటిది జెల్. మొద్దుబార్చే జెల్ రాస్తే మంట తగ్గుతుంది. యాంటీబయాటిక్ వేసుకుంటే పుండు మీద చేరిన ఇన్‌ఫెక్షన్ తగ్గి, నాలుగు రోజులు బాగున్నట్టే ఉంటుంది. పుండు మాత్రం పోదు. బాగైందనుకుని మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లరు.

రెండోది షుగర్. 'షుగర్ ఉంది కదా, అందుకే మానట్లేదు' అని రోగీ అనుకుంటాడు, ఒక్కోసారి వైద్యుడూ అనుకుంటాడు. షుగర్ ఉన్నవాళ్లకూ నోటి క్యాన్సర్ రావచ్చు. రెండు వారాల లెక్క వాళ్లకూ వర్తిస్తుంది.

మూడోది పన్ను. దవడ పన్ను ఉన్నట్టుండి కదులుతుంది. పీకించేస్తారు. పన్ను తీసిన చోట గుంట నెల అయినా పూడదు. నిజానికి పన్ను కదలడానికి కారణం చిగురులో పెరుగుతున్న గడ్డ అయి ఉండొచ్చు. చిగుళ్ల జబ్బు లేకుండా ఒకే పన్ను కదులుతుంటే, పీకే ముందు ఎక్స్‌రే తీసి, చుట్టూ చిగురు పరీక్షించాలి.

నాలుగోది కట్టుడు పళ్లు. సెట్టు ఒరుసుకుని పుండు పడిందంటారు. నిజమే కావచ్చు. అప్పుడు చేయాల్సింది సెట్టు తీసేసి, లేదా విరిగిన పంటి మొనను అరగదీసి, రెండు వారాలు చూడడం. అప్పటికీ మానకపోతే ముక్క పరీక్షకు పంపాలి.

ఐదోది ఖర్చు, రోజు కూలి. పరిటాల పరిసరాల్లో క్వారీలు, క్రషర్లలో పనిచేసేవాళ్లు, హైవే మీద లారీలు నడిపేవాళ్లు, మిర్చి, పత్తి చేలల్లో కూలికి వెళ్లేవాళ్లు ఒక పుండు కోసం రోజు పని మానుకుని ఆసుపత్రికి వెళ్లడం కష్టం. అందుకే వేరే పని మీద డాక్టర్ దగ్గరికి వచ్చినప్పుడే నోరు కూడా చూడడం అంత ముఖ్యం. బీపీ బిళ్లల కోసం వచ్చినా, పన్ను పీకించుకోవడానికి వచ్చినా.. ఆ రెండు నిమిషాలు దొరికినట్టే.

డాక్టర్ చూడాల్సింది ఏమిటి?

నోటి పరీక్ష అంటే 'ఆ' అనమని గొంతులో టార్చ్ వేయడం ఒక్కటే కాదు. వరస తప్పకుండా ఇలా చూడాలి.

- ముందుగా ముఖం, మెడ. దవడ కింద, మెడకు రెండు వైపులా వేళ్లతో తడిమి బిళ్లలు కట్టాయేమో చూడాలి. నొప్పి లేకుండా గట్టిగా తగిలే బిళ్లను తేలిగ్గా తీసుకోకూడదు.
- పెదవులు పైకి, కిందికి తిప్పి లోపలి వైపు చూడాలి. ఖైనీ పెట్టుకునేవాళ్లు ఎక్కువగా ఒకే చోట పెడతారు. ఆ చోటు అడిగి మరీ చూడాలి.
- రెండు బుగ్గల లోపలి భాగం, బుగ్గకూ చిగురుకూ మధ్య ఉండే సందు. మన దేశంలో నోటి క్యాన్సర్ ఎక్కువగా కనిపించే చోట్లలో ఇదొకటి. కిళ్లీ, గుట్కా గంటల తరబడి దాక్కునేది అక్కడే.
- నాలుకను గాజు గుడ్డతో పట్టుకుని పక్కకు లాగి, రెండు అంచులూ వెనక దాకా చూడాలి. నాలుక చాపితే పైభాగం ఒక్కటే కనిపిస్తుంది. జబ్బు ఎక్కువగా ఉండేది అంచుల్లో.
- నాలుక పైకెత్తించి కింద భాగం.
- అంగిలి, గొంతు ముందు భాగం.
- చివరగా, అనుమానం ఉన్న చోట గ్లౌజు వేలితో తాకి చూడాలి. కంటికి చిన్నగా కనిపించినా వేలికి గట్టిగా తగిలితే అది గుర్తే.

అంగిలి విషయంలో మన తెలుగు నేలకు ప్రత్యేకమైన చరిత్ర ఉంది. శ్రీకాకుళం వైపు చుట్టను మండే వైపు నోట్లో పెట్టుకుని కాల్చే 'అడ్డపొగ' అలవాటు ఉండేది. ముఖ్యంగా పెద్ద వయసు ఆడవాళ్లలో. డెన్మార్క్‌కు చెందిన పిండ్‌బోర్గ్, భారత శాస్త్రవేత్తలు కలిసి అక్కడ 10,169 మంది గ్రామస్తుల నోళ్లు పరీక్షించి, అంగిలిలో వచ్చే మార్పులపై 1971లో అధ్యయనం ప్రచురించారు. నిప్పు తగిలే చోటే మచ్చలు, పుండ్లు వస్తున్నట్టు దాన్నుంచి ప్రపంచానికి తెలిసింది. ఉపాధి కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే, అడ్డపొగ అలవాటు ఉందా అని అడగడం, అంగిలి చూడడం మరవకూడదు.

తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, తెరుచుకోని నోరు

క్యాన్సర్ చాలాసార్లు ముందే జాడ చూపిస్తుంది.

తెల్ల మచ్చ: బుగ్గ లోపలో, నాలుక మీదో తెల్లటి పొర. గుడ్డతో తుడిచినా పోదు. తెల్ల మచ్చలన్నీ క్యాన్సర్ కావు. కానీ కొన్ని ఏళ్ల తర్వాత అలా మారతాయి. ఏది మారుతుందో కంటితో చెప్పలేం. అందుకే పరీక్ష, ఆ తర్వాత క్రమం తప్పకుండా చూపించుకోవడం.

ఎర్ర మచ్చ: మఖ్మల్‌లా ఎర్రగా ఉండే మచ్చ. తెల్ల మచ్చ కంటే తక్కువ మందిలో కనిపిస్తుంది, కానీ దానికంటే చాలా ప్రమాదకరం. తెలుపు, ఎరుపు కలిసి ఉన్నా అంతే.

నోరు తెరుచుకోకపోవడం: వక్క, గుట్కా నమిలేవాళ్లలో బుగ్గ లోపల తాళ్లు కట్టినట్టు గట్టిపడుతుంది. మొదట కారం తగిలితే మంట. తర్వాత నోరు కొంచెం కొంచెంగా మూసుకుపోతుంది. మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టకపోతే డాక్టర్‌కి చూపించాలి. ఇరవై ఏళ్ల కుర్రాళ్లలోనూ ఇది కనిపిస్తుంది. 'పులుసులో కారం ఎక్కువైంది' అని ఇంట్లో రోజూ గొడవ పడే కుర్రాడి జేబులో ప్యాకెట్ ఉందేమో చూడాలి.

వీటికి తోడు మింగేటప్పుడు నొప్పి, నాలుక సరిగా తిరగకపోవడం, పెదవి తిమ్మిరెక్కడం, కారణం లేకుండా నోట్లోంచి రక్తం రావడం.. ఏది ఉన్నా ఆగకూడదు. పొగాకు అలవాటు లేనివాళ్లకూ నోటి క్యాన్సర్ వస్తుంది. 'మీకు అలవాట్లు లేవు కదా' అని పరీక్ష చేయకుండా పంపేయడం సరికాదు.

ముక్క తీస్తే పాకుతుందా?

బయాప్సీ అనగానే ఇంట్లో వినపడే మొదటి మాట.. 'కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుంది'. ఇది అపోహ. పన్ను తీసేటప్పుడు ఇచ్చే లాంటి ఇంజెక్షనే ఇచ్చి, పుండు అంచు నుంచి చిన్న ముక్క తీసి ల్యాబ్‌కు పంపుతారు. అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. క్యాన్సర్ అవునా, కాదా అని ఖాయంగా చెప్పేది ఈ పరీక్ష ఒక్కటే. రంగు నీళ్లతో పుక్కిలించి చూసే పరీక్షలు, లైటు వేసి చూసే పరికరాలు ఎక్కడి నుంచి ముక్క తీయాలో చెప్పడానికి సాయపడొచ్చు. బయాప్సీకి బదులు కాలేవు.

బయాప్సీ చేయించడానికి భయపడి ఆకు పసరు పూయడం, నాటు మందు వాడడం వల్ల పోయేది డబ్బు ఒక్కటే కాదు. గడ్డ సెంటీమీటర్ల లెక్కన పెరుగుతుంది.

తొలి దశకూ, ముదిరిన దశకూ తేడా ఎంత?

గడ్డ 2 సెంటీమీటర్ల లోపు, అంటే దాదాపు రూపాయి బిళ్లంత ఉండి, లోతుకు వెళ్లకుండా, మెడకు పాకకుండా ఉంటే దాన్ని మొదటి దశ అంటారు. ఆ దశలో చాలామందికి ఆపరేషన్ ఒక్కటే సరిపోతుంది. సరైన చికిత్స జరిగితే పది మందిలో ఎనిమిది మంది వరకు ఐదేళ్లు దాటి బతుకుతారు. దవడ ఎముకకో, మెడ బిళ్లలకో పాకాక వస్తే ఆపరేషన్‌తో పాటు రేడియేషన్, కీమో కావాలి. దవడలో కొంత భాగం తీసేయాల్సి రావచ్చు. మాట, తిండి, ముఖం అన్నీ మారతాయి. అంత చేసినా బతికే అవకాశం సగానికి, అంతకంటే తక్కువకు పడిపోతుంది.

తొలి దశ అని చిన్న ఆపరేషన్‌తో సరిపెట్టుకోవడమూ అన్నివేళలా సరికాదు. ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు 2015లో ప్రచురించిన అధ్యయనంలో, తొలి దశ రోగులకు మెడలోని బిళ్లలను కూడా ముందే తీసేస్తే మూడేళ్ల తర్వాత 80 శాతం మంది బతికి ఉన్నారు. మెడకు పాకాక తీద్దామని ఆగిన గుంపులో అది 67.5 శాతమే. అందుకే క్యాన్సర్ అని తేలాక, ఆ ఆపరేషన్లు క్రమంగా చేసే ఆసుపత్రికే వెళ్లాలి.

కేరళ చెప్పిన పాఠం

నోరు చూడడం వల్ల నిజంగా ప్రాణాలు నిలుస్తాయా? ఈ ప్రశ్నకు జవాబు వెతికింది కేరళ. తిరువనంతపురం జిల్లాలో 1996లో మొదలుపెట్టి, 35 ఏళ్లు దాటిన దాదాపు 1.9 లక్షల మందితో భారీ అధ్యయనం చేశారు. ఊళ్లను రెండు భాగాలు చేసి, ఒక భాగంలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి నోరు చూశారు. డాక్టర్లు కూడా కాదు. 2005లో ఫలితాలు వచ్చాయి. పొగాకు, మందు అలవాటు ఉన్నవాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి. అలవాట్లు లేనివాళ్లతో కలిపి మొత్తం జనం లెక్క తీస్తే మాత్రం అంత స్పష్టమైన తేడా తేలలేదు. అంటే ముందుగా ఎవరి నోరు చూడాలో తెలిసిపోయింది.

ఆ అధ్యయనంలోనే ఇంకో లెక్క ఉంది. అనుమానం ఉందని 5,145 మందిని పెద్ద పరీక్షకు వెళ్లమన్నారు. వెళ్లినవాళ్లు 3,218 మంది. అంటే 63 శాతమే. మిగతావాళ్లు చీటీ తీసుకుని ఇంట్లోనే ఉండిపోయారు. అందుకే జబ్బును పట్టుకోవడంతో డాక్టర్ పని అయిపోదు. పంపిన మనిషి వెళ్లాడా, లేదా అని వారం తర్వాత ఒక ఫోన్ చేసి కనుక్కోవాలి. ఆశా కార్యకర్తో, ఏఎన్ఎమ్మో ఆ పని చేసినా చాలు.

పరిటాల నుంచి ఎక్కడికి వెళ్లాలి?

మొదటి మెట్టు ఊళ్లోనే ఉంది. జాతీయ కార్యక్రమం కింద 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ఐదేళ్లకోసారి నోటి పరీక్ష ఉచితంగా చేయాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్ 6న అధికారికంగా మొదలైన ఫ్యామిలీ డాక్టర్ విధానంలో పీహెచ్‌సీ డాక్టరే గ్రామానికి వచ్చి చూసే ఏర్పాటు చేశారు. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల కోసం ఇంటింటి స్క్రీనింగ్ మొదలుపెట్టింది. డాక్టరో, 104 వాహనమో ఊరికి వచ్చిన రోజు బీపీ, షుగర్ చూపించుకుని వచ్చేయకుండా 'సార్, నోరు కూడా ఒకసారి చూడండి' అని అడగండి.

రెండో మెట్టు నందిగామ, జగ్గయ్యపేట ప్రభుత్వ ఆసుపత్రులు, లేదా దగ్గర్లోని డెంటిస్ట్. అనుమానం ఉంటే అక్కడి నుంచి చీటీ రాయించుకోవాలి.

మూడో మెట్టు విజయవాడ. హైవే మీద బస్సెక్కితే పరిటాల నుంచి గంట ప్రయాణం. ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రి, ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి అక్కడే ఉన్నాయి. డెంటల్ కాలేజీలో నోటి జబ్బులకు, ముక్క పరీక్షకు విడిగా విభాగాలు ఉంటాయి. క్యాన్సర్ అని తేలితే గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో నాట్కో క్యాన్సర్ కేంద్రం ఉంది. అర్హత ఉన్న కుటుంబాలకు ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే పాత ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్, రేడియేషన్, కీమో ఉచితం. ఆధార్, రేషన్ కార్డుతో వెళ్లి ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలవాలి. సందేహాలకు 104కి ఫోన్ చేయొచ్చు.

ఊళ్లలో జనం మొదట వెళ్లేది ఆర్ఎంపీ దగ్గరికో, మెడికల్ షాపుకో. వాళ్లు చేయగలిగిన మేలు ఒకటుంది. 'ఈ జెల్ ఇంతకుముందు వాడావా? పుండు ఎన్నాళ్లయింది?' అని అడగడం. రెండు వారాలు దాటిందంటే రెండో ట్యూబు ఇవ్వకుండా ఆసుపత్రికి పంపడం.

ఇంట్లో ఎలా చూసుకోవాలి?

నెలకోసారి, పళ్లు తోముకున్నాక అద్దం ముందు నిలబడి, ఫోన్ టార్చ్ వేసుకుని చూసుకోవాలి. పెదవులు, రెండు బుగ్గలు, చిగుళ్లు, నాలుక అంచులు, నాలుక కింద, అంగిలి. ఒక వైపు ఉన్నది రెండో వైపు లేకపోతే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. తేదీ దానంతట అదే నమోదవుతుంది. రెండు వారాల తర్వాత మళ్లీ చూడండి. అలాగే ఉంటే ఆ ఫొటో డాక్టర్‌కి చూపించండి. చూపు ఆనని పెద్దవాళ్లకు ఇంట్లో పిల్లలే చూడాలి. తాతయ్య చుట్ట మానరు, అమ్మమ్మ కిళ్లీ మానదు అని పోట్లాడుతూ కూర్చోకుండా, ముందు నోరు చూడండి. మానడం గురించి తర్వాత మాట్లాడొచ్చు.

అలవాటు ఎప్పుడు మానేసినా లాభమే. తెల్ల మచ్చ ఉన్నవాళ్లకూ, చికిత్స అయిపోయినవాళ్లకూ ఇది వర్తిస్తుంది. ఒకసారి క్యాన్సర్ వచ్చిన నోట్లో ఇంకో చోట మళ్లీ వచ్చే ప్రమాదం ఉంటుంది కాబట్టి, వాళ్లు మానడం ఇంకా అవసరం. పొగాకు మానాలనుకునేవాళ్లకు సలహా ఇచ్చే జాతీయ టోల్ ఫ్రీ నంబర్ 1800-11-2356.